ఆర్ విలువ మైనస్ 0.31, సిగ్నిఫికెంట్ వచ్చింది. ఫోన్ వల్లే మార్కులు తగ్గాయని రాసేయొచ్చా?

సిక్కోలు పిల్ల:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఎం.ఎడ్. రెండో ఏడాది చదువుతున్నాను. డిసర్టేషన్ కోసం తీరం వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర డేటా తీశాను. ఏ, బీ రెండు సెక్షన్లూ కలిపి 62 మంది. "రోజుకి ఫోన్ ఎంతసేపు పట్టుకుంటావు?" అని ప్రశ్నావళిలో అడిగాను. ఎస్‌ఏ-1 (మొదటి సమ్మేటివ్ పరీక్ష) మార్కుల శాతం క్లాస్ టీచర్ రిజిస్టర్ చూసి రాసుకున్నాను. ఒక పిల్లాడు నిమిషాల గడిలో "ఛార్జింగ్ అయిపోయేదాకా" అని రాశాడు. పిలిచి అడిగితే కాసేపు ఆలోచించి "రెండు గంటలు వేసుకోండి మేడం" అన్నాడు. డేటా ఇలాంటిదని ముందే చెప్పేస్తున్నాను.

కోరిలేషన్, అంటే రెండు అంశాలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే ఆర్ విలువ, మైనస్ 0.31 వచ్చింది. స్వేచ్ఛాంశాలు (పిల్లల సంఖ్యలోంచి రెండు తీసేస్తే వచ్చేవి) 60. టేబుల్ వాల్యూ 0.05 స్థాయిలో 0.250, 0.01 స్థాయిలో 0.325. అంటే మొదటి గడప దాటింది, రెండోది దాటలేదు. మా గైడ్ గారు చూసి సంతోషించారు. "శూన్య పరికల్పన (అసలు సంబంధమే లేదన్న ఊహ) తిరస్కరించడమైనది అని రాయి. ఫోన్ వాడకం మార్కులను తగ్గిస్తుంది అని ముగింపు రాయి. విద్యా సూచనల్లో తల్లిదండ్రులు పిల్లలకు ఫోన్ ఇవ్వరాదు అని పెట్టు. చాప్టర్ అయిపోయింది" అన్నారు.

నాకు మాత్రం మింగుడు పడటం లేదు. మాది కూడా ఆ పక్క ఊరే. ఆ పిల్లల్ని నేనెరుగుదును. ఫోన్ తీసేసుకుంటే వీళ్ళ మార్కులు పెరుగుతాయా అని ఎవరైనా అడిగితే గుండె మీద చెయ్యేసుకుని అవునని చెప్పలేను. పైగా ఇంకో సంగతి ఉంది. నేను చూసింది ఫోన్ ఒక్కటే కాదు. నిద్ర, బడికి దూరం, ట్యూషన్, అన్నదమ్ముల సంఖ్య, ఇంట్లో టీవీ, ఇలా మొత్తం 14 అంశాలు మార్కులతో కలిపి చూశాను. రెండే సిగ్నిఫికెంట్ వచ్చాయి. మిగతా 12 "టేబుల్ పెద్దదైపోతుంది, తీసేయ్" అన్నారు.

ఇక రెండో భాగం ప్రయోగం. ఏ సెక్షన్‌కి కణజాలాల పాఠం కాన్సెప్ట్ మ్యాపులతో (భావనలని గీతలతో కలిపి చూపే బొమ్మలతో) నేను చెప్తాను, బీ సెక్షన్‌కి వాళ్ళ సైన్స్ సార్ మామూలుగా చెప్తారు. ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ పెట్టి టీ విలువ (రెండు గుంపుల సగటుల తేడాని తూచే అంకె) చూడాలి. సంక్రాంతి సెలవులు అవగానే మొదలు. దీన్ని ప్రయోగాత్మక పద్ధతి అని రాయొచ్చా? బీ వాళ్ళకి సైన్స్ పీరియడ్ మధ్యాహ్నం అన్నం తిన్నాక వస్తుంది, ఏ వాళ్ళకి పొద్దున్నే. అది కూడా గుచ్చుకుంటోంది.

బొబ్బిలి వీణ:

అమ్మాయ్, నేను పోయినేడాదే ఈ గట్టెక్కాను కాబట్టి చెప్తున్నా. గైడ్ గారు ఏం రాయమంటే అది రాసెయ్. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగేవి రెండే ప్రశ్నలు. టేబుల్ వాల్యూ ఎంత, వన్ టెయిలా టూ టెయిలా. అవి నోటికి వచ్చేలా చూసుకో. ఆ రోజు భోజనం మంచిది పెట్టించు. లోకాన్ని మార్చే పని డీఎస్సీ వచ్చాక చూసుకోవచ్చు.

మెరక మడి:

అమ్మా, నేను విజయనగరంలో ముప్పై ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. వీణ గారు చెప్పినట్టు చేస్తే డిగ్రీ వస్తుంది, అందులో అబద్ధం లేదు. మీకు వచ్చిన అనుమానం మాత్రం తీరదు. అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకోండి.

ముందు ఆ 0.250 ఏమిటో చూద్దాం. 62 మంది మార్కులు చీటీల మీద రాసి ఒక బుట్టలో వెయ్యండి. ఫోన్ నిమిషాలు ఇంకో బుట్టలో వెయ్యండి. కళ్ళు మూసుకుని ఇందులోంచి ఒకటి, అందులోంచి ఒకటి తీసి జతలు కట్టండి. వీటి మధ్య ఏ సంబంధమూ ఉండదు, మీరే కలిపేశారు కదా. అయినా ఆర్ లెక్కేస్తే సున్నా రాదు. ఒకసారి 0.08 వస్తుంది, ఇంకోసారి మైనస్ 0.14 వస్తుంది. ఇలా వందసార్లు చేస్తే సుమారు ఐదుసార్లు 0.250ని అటో ఇటో దాటుతుంది. టేబుల్ వాల్యూ అంటే ఇదే. మీకు వచ్చిన 0.31 లాంటిది, అంతకన్నా పెద్దది, ఊరికే చీటీలు కలిపితే వందలో ఒకటిన్నర సార్లు వస్తుంది. కాబట్టి "ఇది చీటీల ఆట కాకపోవచ్చు" అనుకోవడానికి మీకు కొంత ఆధారం దొరికింది. ఆ టేబుల్ చెప్పగలిగింది అక్కడితో సరి. ఫోన్ వల్ల మార్కులు తగ్గాయా, మార్కులు రాని పిల్లలు విసిగిపోయి ఫోన్ పట్టుకున్నారా, ఇంకేదో మూడోది రెండింటినీ లాగుతోందా, ఈ మూడింట్లో ఏదైనా దానికి ఒకటే.

ఈ 0.05 కూడా ఆకాశంలోంచి ఊడిపడింది కాదు. ఫిషర్ అనే ఇంగ్లండు గణాంక శాస్త్రవేత్త 1925లో వేసిన పుస్తకంలో ఇరవైలో ఒకటి హద్దుగా పెట్టుకుంటే సౌకర్యంగా ఉంటుందన్నాడు. సౌకర్యం అన్నాడు, శాసనం అనలేదు. మన వాళ్ళు దాన్ని రాతి మీద చెక్కించారు.

సార్థకత (సిగ్నిఫికెంట్ కావడం) వేరు, సంబంధం గట్టిదనం వేరు. పిల్లలు పదిమందే ఉంటే 0.60 వచ్చినా సిగ్నిఫికెంట్ కాదు, 0.632 దాటాలి. అదే వెయ్యిమంది అయితే 0.07 వచ్చినా సిగ్నిఫికెంటే. 0.07తో ఏ తండ్రికి ఏం సలహా చెప్తాం? మీ 0.31ని వర్గం చేస్తే 0.096 వస్తుంది. అంటే మార్కుల్లో ఉన్న ఎగుడుదిగుళ్ళలో ఫోన్ నిమిషాలతో కలిసి నడిచేది పదో వంతు కూడా లేదు. 95 శాతం విశ్వాస అంతరం కట్టి చూశాను, మైనస్ 0.07 నుంచి మైనస్ 0.52 దాకా పోతోంది. అసలు సంబంధం దాదాపు లేనట్టే ఉండొచ్చు, బాగా గట్టిగానూ ఉండొచ్చు. డిసర్టేషన్‌లో ఒక్క 0.31 రాసి వదిలేయకండి, ఈ రెండు కొసలూ రాయండి.

14 అంశాల సంగతి ఇంకా ముఖ్యం. ఏ సంబంధమూ లేకపోయినా ఒక్కో పరీక్షకి ఇరవైలో ఒక వంతు పొరపాటున గట్టెక్కే అవకాశం ఉంది కదా. 14 పరీక్షలు వేరువేరుగా చేస్తే కనీసం ఒకటి అలా గట్టెక్కే అవకాశం 51 శాతం. మీ అంశాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి కాబట్టి లెక్క సరిగ్గా అంతే రాదు గానీ, బొమ్మా బొరుసా అన్నంత దగ్గర్లో ఉంటుంది. 12 తీసేసి రెండే చూపించడమంటే బాణం కొట్టాక దాని చుట్టూ సున్నా గీయడమే. పద్నాలుగూ పెట్టండి. టేబుల్ పెద్దదైతే కాగితం ఖర్చు, అంతే కదా.

చివరగా ఒక పని చెప్తాను, ఈ రాత్రే చెయ్యండి. గ్రాఫ్ కాగితం తీసుకుని 62 చుక్కలూ చేత్తో పెట్టండి. కంప్యూటర్ వద్దు. ప్రతి చుక్క పక్కన రోల్ నంబర్ రాయండి. 1973లో ఆన్స్‌కోంబ్ అనే ఆయన నాలుగు డేటా సెట్లు తయారుచేశాడు. నాలుగింటికీ ఆర్ 0.816. గీసి చూస్తే ఒకటి మామూలు చెదురు, ఒకటి వంపు, ఒకటి సరళరేఖ పక్కన ఒంటరి చుక్క, ఇంకోటి నిట్టనిలువు గీతకి దూరంగా ఒకే ఒక్క చుక్క. అంకె ఒకటే, బొమ్మలు నాలుగు. ఆ పిల్లల్ని మీరు ఎరుగుదునన్నారు చూడండి, మీ దగ్గరున్న మంచి పరికరం అదే.

ప్రయోగం గురించి రేపు రాస్తాను. మా ఇంట్లో దీపాలార్పే వేళయింది.

సాలూరు సంత:

మాస్టారి పోస్టు చదివాక నా పాత తప్పొకటి ఒప్పుకోవాలనిపించింది. నేను ఏజెన్సీ వైపు సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఒక ఏడు పిల్లలందరికీ లెక్కల్లో 50కి పరీక్ష పెట్టి, అడుగున ఉన్న 12 మందిని ఏరాను. నెలరోజులు సాయంత్రం అరగంట కూర్చోబెట్టి కూడికలు, తీసివేతలు చేయించాను. మళ్ళీ పరీక్ష పెడితే సగటున ఆరు మార్కులు పెరిగాయి. క్లస్టర్ మీటింగులో చార్టు కట్టి మాట్లాడాను కూడా. చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి ఊరికే, ఏమీ తోచక, పైనున్న 12 మంది మార్కులు కూడా చూశాను. వాళ్ళకి నేనేమీ చెప్పలేదు. సగటున నాలుగు తగ్గాయి! నేను చెప్పనందుకు తగ్గాయా? అప్పుడు గుర్తొచ్చింది, మొదటి పరీక్ష ముందురోజు రాత్రంతా ఊళ్ళో పండగ. అడుగున ఉన్న వాళ్ళలో నలుగురు ఆ రోజు బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయారు. రెండోసారి అలా నిద్రపోలేదు కాబట్టి వాళ్ళు వాళ్ళ మామూలు చోటికి వచ్చారు. పై వాళ్ళలో కొందరికి మొదటిసారి అదృష్టం కలిసొచ్చింది, రెండోసారి రాలేదు. దీనికి సగటు వైపు జారడం అని పేరుందని తర్వాత తెలిసింది. గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1886లోనే తల్లిదండ్రుల ఎత్తులూ పిల్లల ఎత్తులూ పెట్టి చూపించాడట, బాగా పొడుగువాళ్ళ పిల్లలు పొడుగే గానీ అంత పొడుగు కారని.

నా క్లాసుల వల్ల ఆరు మార్కుల్లో ఎంత వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. అడుగున ఉన్న 12 మందిలోనే చీటీలేసి ఆరుగురికి ఆ నెల, మిగతా ఆరుగురికి పై నెల చెప్పి ఉంటే తెలిసేది. ఎవరికీ అన్యాయం కూడా జరిగేది కాదు. మీరు ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి రాస్తున్నాను.

సిక్కోలు పిల్ల:

మాస్టారూ, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చుక్కలు పెట్టాను. సాలూరు సార్, మీ పోస్టు చదివి నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

గ్రాఫ్ కాగితం మీద నీలం పెన్నుతో పెట్టుకుంటూ పోయాను. కింద కుడి మూలలో, అంటే ఫోన్ ఎక్కువ, మార్కులు తక్కువ ఉన్న చోట, రోల్ నంబర్లు చూస్తుంటే ఒక్కో మొహం కనపడుతోంది. 11, 19, 27, 40. ఏదో తగిలింది. ప్రశ్నావళిలో తండ్రి వృత్తి అనే గడి ఉంది, అందరికీ "చేపల వేట" అని ఉంటే ఇంకేం చూస్తాంలే అని వదిలేశాను. ఆ కాగితాలు మళ్ళీ తీసి చూశాను. కొందరు పక్కన "వీరావల్" అని రాశారు. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను, మా తీరంలో మగవాళ్ళు చాలామంది గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. వానల్లో వెళ్తే మళ్ళీ వేసవికే. మా నాన్న పదకొండేళ్ళు వెళ్ళాడు.

తండ్రి బయట ఉన్న 24 మంది చుక్కల మీద ఎర్ర పెన్నుతో దిద్దాను. రెండు మబ్బులు విడిపోయి కనిపించాయి. ఎర్రది కింద కుడివైపు, నీలంది పైన ఎడమవైపు. ఎర్రవాళ్ళ సగటు ఫోన్ 96 నిమిషాలు, మార్కులు 48 శాతం. నీలంవాళ్ళ సగటు 52 నిమిషాలు, 61 శాతం. విడివిడిగా ఆర్ కట్టాను. ఎర్రవాళ్ళలో మైనస్ 0.09, నీలంవాళ్ళలో మైనస్ 0.13. రెండూ కలిపితే మాత్రం మైనస్ 0.31!

మర్నాడు స్కూలుకి వెళ్ళి రోల్ నంబర్ 19 పిల్లని అడిగాను, ఫోన్‌లో అంతసేపు ఏం చూస్తావని. "చూడను మేడం, పట్టుకుంటాను" అంది. నాన్న రాత్రి వీడియో కాల్ చేస్తే అమ్మ, నాన్నమ్మ, తమ్ముడు వరసగా మాట్లాడతారట. నాన్నమ్మకి సరిగా పట్టుకోవడం రాదు, మొహం బదులు దూలం కనిపిస్తుందట. అందుకని ఈ పిల్ల చేతులు చాపి అందరికీ ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడుతుంది. నేను అడిగిన ప్రశ్న "ఎంతసేపు పట్టుకుంటావు" అనే కదా. ఉన్నదున్నట్టు గంటన్నర అని రాసింది. తప్పు నా ప్రశ్నది.

2018 చివర్లో వీరావల్ నుంచి వెళ్ళిన మన జిల్లాల జాలర్లు పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అప్పట్నుంచి మా వైపు ఇళ్ళల్లో రాత్రి ఫోన్ రాకపోతే ఎవరూ కంచం ముందు కూర్చోరు. ఇప్పుడు నేను విద్యా సూచనల్లో "పిల్లలకు ఫోన్ ఇవ్వరాదు" అని ఏ మొహం పెట్టుకుని రాయను?

మెరక మడి:

అమ్మా, ఆ గ్రాఫ్ కాగితం పారేయకండి. స్కాన్ చేసి డిసర్టేషన్‌లో పెట్టండి, రెండు రంగులతో సహా. వలసని స్థిరంగా ఉంచి పాక్షిక సహసంబంధం కూడా కట్టండి, మైనస్ 0.11 చుట్టుపక్కల వస్తుందని నా అంచనా.

అయితే ఉత్సాహంలో రెండో గోతిలో పడకండి. విడివిడిగా సిగ్నిఫికెంట్ కాలేదు కాబట్టి ఫోనుకీ మార్కులకీ సంబంధం లేదని రాయకూడదు. 24 మందికి టేబుల్ వాల్యూ 0.404, 38 మందికి 0.320. అంత తక్కువమందిలో చిన్న సంబంధం ఉన్నా కంటపడదు. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. అలాగే ఫోన్‌ని దింపి ఆ నింద వలస మీద వెయ్యకండి. వీరావల్ వెళ్ళే ఇళ్ళకీ వెళ్ళని ఇళ్ళకీ మధ్య అప్పులు, భూమి, తల్లి చదువు, ఎన్ని తేడాలుంటాయో మీకే బాగా తెలుసు. "ఈ సంబంధంలో ఎక్కువ భాగం తండ్రి వలసతో కలిసి వస్తోంది, కారణం ఈ డేటాతో తేలదు" అని రాస్తే చాలు.

ఇక ప్రయోగం. మీరు రాగోలు వ్యవసాయ పరిశోధనా కేంద్రం మీదుగా బస్సులో వెళ్ళే ఉంటారు. శ్రీకాకుళం సన్నాలు అని మనం తినే వరి రకం ఆర్జీఎల్ 2537 అక్కడిదే. ఒక కొత్త వంగడం మంచిదో కాదో చూడాలంటే కాలవ పక్క పల్లపు మడిలో కొత్తది, మెరక మడిలో పాతది వేసి దిగుబడి పోలుస్తారా? రైతు నవ్వుతాడు. పల్లంలోనూ కొంత కొత్తది, కొంత పాతది, మెరకలోనూ కొంత కొత్తది, కొంత పాతది వేస్తారు. ఏ చెక్కలో ఏది అన్నది చీటీ తేలుస్తుంది. ప్రయోగ రూపకల్పన అనే శాస్త్రమే పొలంలో పుట్టింది. ఫిషర్ 1919లో ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో చేరి అక్కడే ఇదంతా కట్టాడు. మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు విశాఖ ఏవీఎన్ కాలేజీలోనూ ఆంధ్రా యూనివర్సిటీలోనూ చదివి, తర్వాత కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు. ప్రయోగాల అమరికలో ఆయన పని ఇప్పటికీ కర్మాగారాల్లో వాడుతున్నారు. ఇది నా క్లాసులో ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి, అలవాటు పోలేదు.

మీ ఏ సెక్షన్ పల్లం, బీ సెక్షన్ మెరక. ఏ వాళ్ళకి పొద్దున పీరియడ్, పైగా ఉత్సాహంగా ఉన్న మీరు. బీ వాళ్ళకి అన్నం తిన్నాక పీరియడ్, ఇంకో మాస్టారు. ఏ వాళ్ళు గెలిస్తే మ్యాపులు గెలిచాయా, పొద్దుట గాలి గెలిచిందా, మీరు గెలిచారా? టీ విలువ ఎంత పెద్దదొచ్చినా ఈ మూడింటినీ విడదీయలేదు. ఇలా ఉన్న సెక్షన్లని ఉన్నట్టు తీసుకుంటే అర్ధ ప్రయోగం అంటారు, క్యాంప్‌బెల్, స్టాన్లీ అనే అమెరికా పరిశోధకులు 1963లో దానికి వేరే గది కేటాయించారు. అది చేయకూడదని కాదు, అసలు ప్రయోగం అని పేరు పెట్టకూడదు.

హెచ్ఎం ఒప్పుకుంటే ఇలా చెయ్యండి. ప్రీ టెస్ట్ మార్కుల ప్రకారం 62 మందినీ వరసలో పెట్టి ఇద్దరిద్దరిని జత కట్టండి. 31 జతలు వస్తాయి. ఒక్కో జతలో ఎవరు మ్యాపుల వైపు, ఎవరు మామూలు వైపు అన్నది చీటీ చెప్పాలి, మీరు చెప్పకూడదు. రెండు గుంపులకీ ఒకే వేళ, పక్కపక్క గదుల్లో. నాలుగు వారాలయ్యాక ఇంకో పాఠానికి గుంపులు తారుమారు చెయ్యండి. బోధించే వాళ్ళు కూడా మారాలి, మీరూ సైన్స్ సారూ రెండు పద్ధతులూ చెప్పాలి.

సంఖ్య గురించి ఒక మాట. సగం ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) అంత తేడాని 80 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే మామూలుగా గుంపుకి 64 మంది కావాలి. మీకున్నది 31. కంగారు పడకండి. ప్రీ టెస్టుకీ పోస్ట్ టెస్టుకీ మధ్య కోరిలేషన్ 0.7 ఉంటే, ప్రీ టెస్టుని లెక్కలోకి తీసుకునే విశ్లేషణతో గుంపుకి 33 మంది సరిపోతారు, మీరు దాని దగ్గర్లోనే ఉన్నారు. అందుకే ప్రీ టెస్ట్ ప్రశ్నలు తూతూమంత్రంగా రాయకండి. మీ పని సగం అక్కడే ఉంది.

గంటస్తంభం:

విజయనగరం నుంచి. పిల్లల మీద చీటీలేయడమేంటి అని హెచ్ఎం అంటే ఇది చెప్పండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వ బడుల్లో ఇదే చేశారు. ఎంచుకున్న ఐదు జిల్లాల్లో విశాఖపట్నం ఒకటి, మన పక్కదే. పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకి బోనస్ ఇస్తే ఏమవుతుందో చూడటానికి 300 బడులు తీసుకున్నారు. లాటరీ వేసి 100 బడుల్లో ఒక్కో టీచర్‌కి విడిగా, 100 బడుల్లో బడి మొత్తానికి కలిపి బోనస్ ఇచ్చారు, 100 బడుల్లో ఏమీ ఇవ్వలేదు. రెండేళ్ళయ్యాక బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం ముందున్నారు. 2011లో అచ్చయింది. బోనస్ మంచిదా కాదా అని టీచర్లం కొట్టుకోవచ్చు, నాకూ అభ్యంతరాలున్నాయి. కానీ ఆ తేడా బోనస్ వల్ల వచ్చింది కాదని అనడానికి మాత్రం సందు దొరకలేదు, లాటరీ వేశారు కదా.

గమనించండి, అక్కడ చీటీ బడికి వేశారు కాబట్టి లెక్క కూడా బడినే ఒక గుంపుగా చూసి కట్టారు. ఒక సెక్షన్ ఇటు, ఒక సెక్షన్ అటు పెట్టి 62 మంది అని చెప్పుకుంటే, నిజానికి ఉన్నవి రెండే మళ్ళు.

బొబ్బిలి వీణ:

ఇంత ఉందని తెలిస్తే నేను ఎం.ఎడ్. చేసేదాన్ని కాదు. అమ్మాయ్, చీటీలేశాక ఒకటి చూసుకో. మా స్కూల్లో ఇటు పిల్లలు అటు పిల్లల నోట్సు ఇంటర్వెల్లో ఎక్కించేసుకునేవాళ్ళు. మ్యాపుల షీట్లు క్లాసవగానే వెనక్కి తీసేసుకో.

సిక్కోలు పిల్ల:

అప్‌డేట్. గైడ్ గారి దగ్గరికి గ్రాఫ్ కాగితం పట్టుకెళ్ళాను. చాలాసేపు చూశారు. "తగ్గిస్తుంది" తీసేసి "ప్రతికూల సహసంబంధం కనిపించింది" అని మార్చడానికి ఒప్పుకున్నారు. పద్నాలుగు అంశాలూ అనుబంధంలో పెట్టమన్నారు. ఫోన్ ఇవ్వరాదన్న సూచన కొట్టేయడానికి కొంచెం వెనకాడి, "ఎక్స్‌టర్నల్ అడిగితే నువ్వే చెప్పుకోవాలి మరి" అని సంతకం పెట్టారు. ఆయన కూడా తీరం మనిషేనని ఆ రోజే తెలిసింది.

హెచ్ఎం మేడం లైబ్రరీ గది ఇచ్చారు, టైమ్‌టేబుల్లో రెండు సెక్షన్ల సైన్స్ పీరియడ్లు వారానికి మూడు రోజులు ఒకే వేళకి మార్చారు. సైన్స్ సార్ మ్యాపులతో చెప్పడానికి ముందు మొహమాటపడ్డారు, మూడు మ్యాపులు నాతో కలిసి గీశాక ఆయనవే బాగున్నాయి. నిన్న ప్రీ టెస్ట్ అయింది. ఈ రోజు చీటీలు. ఖాళీ సుద్దముక్కల డబ్బాలో "మ్యాపు", "మామూలు" అని రెండే చీటీలు వేసి జత జతనీ పిలిచాను, వాళ్ళ చేతే తీయించాను. ఏడో జతలో ఇద్దరూ ఒకే బెంచీ పిల్లలు, విడిపోయామని మొహాలు వేలాడేశారు. రోల్ నంబర్ 19కి మామూలు వచ్చింది. "మాకెప్పుడు మేడం?" అంది. ఫిబ్రవరిలో అని చెప్పాను, నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంది.

మాస్టారూ, సోమవారం మొదటి క్లాసు. ఇందాకే ఒకటి గమనించాను. లైబ్రరీ గదిలో ఫ్యాన్ తిరుగుతుంది, పక్క గదిలో తిరగదు. గుంపులు వారం వారం గదులు మార్చుకునేలా పెట్టాను. సరిపోతుందా?

మెరక మడి:

సరిపోతుందమ్మా. ఆ ఫ్యాన్ బాగుచేయించమని కూడా హెచ్ఎం గారిని అడగండి, ఫిబ్రవరి దాటితే ఉక్కబోత.